జర ఇటు చూడుండ్రి

"మేడం, బస్సుల ఊగుకుంట పనిజేసే కంప్యూటర్ ఉన్నదా?"

ఆమని తలెత్తి చూసింది. అద్దాల కౌంటర్ అవతల నిలువునా తడిసిన మనిషి. భుజాన పెద్ద నల్ల బ్యాగు, దానికి మాత్రం ప్లాస్టిక్ కవరు భద్రంగా చుట్టి ఉంది. తను తడిసినా ఫరవాలేదు, బ్యాగు తడవకూడదనుకునే రకం. అతని జుట్టులోంచి కారే చుక్కలు సరిగ్గా డెమో లాప్‌టాప్ మూత మీద పడుతున్నాయి.

"ముందు మీరు ఒకడుగు వెనక్కి వెయ్యండి" అంది ఆమని గబగబా మూత తుడుస్తూ. "ఊగితే ఏమవుతుందో తెలీదు గానీ, ఇలాగైతే మునిగిపోతుంది."

"అరే, సారీ మేడం."

అతను వెనక్కి జరిగాడు. జేబులోంచి రుమాలు తీసి, తన తల సంగతి వదిలేసి, లాప్‌టాప్ తుడవబోయాడు. ఆ రుమాలు అతనికన్నా ఎక్కువ తడిసి ఉంది.

"వద్దండీ బాబూ! దాన్ని పిండి జేబులో పెట్టుకోండి."

అతను నిజంగానే పిండాడు. షోరూమ్ నేల మీదే పిండాడు. మేనేజర్ ఉదయ్ భాస్కర్ గారు లోపలి గదిలోంచి తొంగిచూసి, ఆ నీళ్లనూ ఆ మనిషినీ చూసి, ఇలాంటివాడు కొనడని తేల్చేసుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

ఇది జరిగింది తొంభై తొమ్మిది సెప్టెంబరులో. మాదాపూర్ దాటాక గుండ్రటి అద్దాల మేడ ఒకటి లేచి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చుట్టూ బండరాళ్లూ తుమ్మచెట్లే. ఆ మేడకి ఎదురుగా, కింది అంతస్తులో ఈ షోరూమ్. మెడలో కార్డులు వేలాడేసుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చి బరువెంత, స్పీడెంత అని అడిగి పోయేవారు. ఆమని ఆ ఏడే చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. బస్సు గురించి అడిగిన మొదటి మనిషి ఇతనే.

"అసలు బస్సులో మీకేం పనండీ?"

"పెళ్లి వీడియోలు తీస్త మేడం. మధుకర్ నా పేరు. చందానగర్ల మా స్టూడియో." బ్యాగు మీద చెయ్యేసి చెప్పడం మొదలుపెట్టాడు. "పొద్దుగాల పిల్ల ఇంటికాడ పెండ్లి అయితది. మధ్యాహ్నం అందరు బస్సెక్కుతరు. తెల్లారి పిలగాని ఇంటికాడ దావత్. ఆ బస్సుల కూసొనే నేను టేపు కోసి అతికిచ్చి మిక్సింగ్ జేసేసిననుకోండ్రి, తెల్లారి దావత్‌ల టీవీ పెట్టి చూపియ్యొచ్చు. ఇప్పుడేమైతుంది? మిక్సింగ్‌కు అమీర్‌పేట్ పోవాలె, వాళ్లు నెల తిప్పుతరు. నెలైనంక ఆ క్యాసెట్ ఎవరు చూస్తరు మేడం? అప్పటికి పెండ్లికూతురికి మొగుని మీదనే గరమైతుంటది."

ఆమనికి నవ్వాగలేదు. అతను మాత్రం నవ్వలేదు. అతనికది నవ్వులాట కాదు మరి.

"కూర్చోండి" అంది. "చూద్దాం."

*

భాద్రపదంలో ముహూర్తాలుండవు కాబట్టి మధుకర్‌కి బోలెడంత తీరిక. ప్రతి బుధవారం తన పాత స్కూటరు మీద వచ్చేవాడు. చూడ్డానికి ఉన్నవి మూడే మోడళ్లు. ఒకదానికి కెమెరా వైరు పెట్టే చోటే లేదు. రెండోది బరువు, ఒళ్లో పెట్టుకుంటే పది నిమిషాల్లో తొడలు కాలతాయి. మూడోది డెమో మిషన్. దానికి వైరు కుదిరింది గానీ, డిస్కు ఆరే జీబీ, బ్యాటరీ గంటన్నర.

"చందానగర్ సంది జహీరాబాద్‌కు ఎంత లేదన్నా రెండున్నర గంటలు" అన్నాడు మధుకర్ దిగులుగా. "సదాశివపేట దాటకముందే మిషన్ పండుకుంటది."

"డిస్కు కూడా చాలదండీ. మీ కెమెరాలో ఐదు నిమిషాల బొమ్మ ఒక జీబీ తినేస్తుంది."

"గంత తింటదా? మా బావ నయం."

ఆ బుధవారమే అతను ఒక పెళ్లి టేపులోంచి ఐదు నిమిషాలు ఆ డెమో మిషన్లోకి ఎక్కించాడు. వచ్చే వారం కత్తిరించి చూద్దామన్నాడు. ఆ ముక్క అక్కడే ఉండిపోయింది.

మర్నాడు షోరూమ్‌లో ఎవరూ లేనప్పుడు ఆమని దాన్ని పెట్టి చూసింది. తలంబ్రాల ఘట్టం. ఎవరి పెళ్లో తెలీదు. బియ్యం పడుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. వాటన్నిటి వెనకనుంచి అతని గొంతు: "అమ్మా, జర ఇటు చూడుండ్రి. అన్నా, చెయ్యి అడ్డం తీయవా జర. పాపా, నువ్వు నవ్వు, పండ్లు కనవడాలె."

ఒకచోట పెళ్లికూతురు తండ్రి పంచె కొసతో కళ్లు ఒత్తుకోబోయాడు. కెమెరా మెల్లిగా పక్కకి తిరిగి, పందిరి గుంజకు కట్టిన మామిడాకుల మీద ఆగిపోయింది. కాసేపు ఆకులే కదిలాయి.

"అదేమిటండీ, అక్కడ ఆకులు తీశారు?" అని అడిగింది తర్వాతి బుధవారం.

మధుకర్ కొంచెం సిగ్గుపడ్డాడు. "ఆయన ఏడుస్తుంటే ఊరందరికి చూపెట్టుడెందుకు మేడం? ఆయనకు యాదికుంటది గదా."

 ఆ మాటతో ఆమని పని అయిపోయింది.

ఆ తర్వాత ఆ ఐదు నిమిషాలూ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అందులో అందరూ ఉంటారు, అతనుండడు. మూడు నిమిషాల నలభయ్యో సెకను దగ్గర మాత్రం పురోహితుడి తెల్లపంచె మీద ఒక నీడ పడుతుంది. భుజాన కెమెరా, పైకి లేచిన మోచెయ్యి. ఆ నీడ కోసం ఆమె మిషన్ ఆపి చూసేది. హఫీజ్‌పేటలో బస్సు దిగి ఇంటికి నడుస్తున్నా ఆ గొంతే చెవుల్లో ఉండేది. "ఏమిటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అని తండ్రి సీతారామాంజనేయులు గారు పేపరు పక్కన పెట్టి అడిగితే, "ఆఫీసులో జోకు నాన్నగారూ" అనేది.

*

దసరాకి వారం ముందు కొత్త మోడల్ వచ్చింది.

పెట్టె విప్పి కాగితాలు చదువుతుంటేనే ఆమని గుండె జారింది. వైరు కుదురుతుంది. పన్నెండు జీబీ. రెండు బ్యాటరీలు, కలిపి నాలుగు గంటలు. తేలిక. అతను అడిగినవన్నీ వరసపెట్టి ఉన్నాయి.

ఇది చూపిస్తే కొంటాడు. కొన్నాక ఇక్కడికి రావడానికి అతనికేం పని? కార్తీకంలో ముహూర్తాలు మొదలవుతాయి, బస్సెక్కి ఊళ్లు పట్టి పోతాడు. బుధవారం మామూలు బుధవారం అయిపోతుంది.

ఆ పెట్టెలోనే ఒక కాగితం ఉంది: రెండువేల సంవత్సరం వచ్చినా ఈ మిషన్‌కి ఏమీ కాదని కంపెనీ ఇచ్చిన వైటూకే సర్టిఫికెట్. ఆ రోజుల్లో అది లేకుండా ఎవరూ కంప్యూటర్ ముట్టుకునేవారు కాదు. జనవరి ఒకటిన అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని పేపర్లన్నీ రాస్తున్నాయి మరి. ఆమని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో, రబ్బరు స్టాంపుల కింద దాచేసింది.

బుధవారం మధుకర్ కొత్త మిషన్ చూసి కళ్లు విప్పార్చాడు.

"మేడం, గిదే గదా!"

"ఇదేనండీ. కానీ..." ఆమని అతని మొహం చూడకుండా చెప్పింది. "వైటూకే సర్టిఫికెట్ ఇంకా రాలేదు. జనవరి దాటాక కొనుక్కోండి. లేకపోతే మీరు తీసిన పెళ్లిళ్లన్నీ చెరిగిపోవచ్చు."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. మూత మెల్లిగా మూశాడు.

"సరే. మీరు చెప్పినంక ఇంకేమున్నది? ఆగుత."

అంత సులువుగా నమ్ముతాడని ఆమె అనుకోలేదు. బేరమాడతాడు, వాదిస్తాడు, అప్పుడు తనకి కొంచెం ధైర్యం వస్తుంది అనుకుంది. ఆ పూట అన్నం సహించలేదు. అతను మాత్రం తర్వాతి బుధవారం వచ్చాడు, ఆ పై బుధవారమూ వచ్చాడు. అతను వచ్చిన ప్రతిసారీ ఆమెకి ప్రాణం లేచి వచ్చేది. వెళ్లాక సొరుగు వైపు చూడలేకపోయేది.

*

నవంబరులో ఒకరోజు గురువారం వచ్చాడు. వారం తప్పి రావడం అదే మొదలు. స్కూటరు హెల్మెట్ కౌంటర్ మీద పెట్టి, మిషన్ల వైపు చూడకుండా నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"ఒక పెండ్లి ఒదులుకుంటున్న మేడం. పోయేతోవల మీకు చెప్పి పోదామని ఒచ్చిన."

"ఎవరి పెళ్లి?"

"పిల్లది చందానగర్. పిలగానిది జహీరాబాద్. వాళ్ల నాయనమ్మ సత్తెమ్మనే వాణ్ని సాది పెద్దజేసింది. ఆమెకు తుంటి ఇరిగింది, మంచం దిగదు. పెండ్లికి ఒచ్చుడు కాదు. పిలగాడు నా చెయ్యి పట్టుకొని అడిగిండు: అన్నా, తాళి కట్టేది తెల్లారేసరికి మా నాయనమ్మకు చూపెడ్తవా అని. తెల్లారి గాకుంటే మళ్ల ఎప్పుడంటే ఏం జెప్తం? ఆమె వయసట్లున్నది." మధుకర్ హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు. "మిషన్ లేదు, జనవరి దాక గాదు, ఇంకెవరినన్న చూసుకో తమ్మీ అని చెప్పొస్త ఇప్పుడు. ఇంకెవరున్నరు, గట్ల చేసేటోళ్లు?"

"పెళ్లి ఎప్పుడు?"

"ఆదివారం."

ఆమని చెయ్యి సొరుగు మీదికి పోయింది. తను దాచింది ఒక కాగితమే అనుకుంది. దాని కింద మంచం దిగలేని ఒక ముసలమ్మ ఉందని ఎవరికి తెలుసు? సొరుగు లాగింది. స్టాంపులు పక్కకి నెట్టి, మడతలు విప్పి, కాగితం అతని ముందు పెట్టింది.

మధుకర్ చదివాడు. తేదీ దగ్గర ఆగాడు.

"ఇది పోయిన నెలనే ఒచ్చింది గదా?"

"మిషన్‌తో పాటే వచ్చిందండి."

"మరి లేదన్నరు?"

అబద్ధం ఇంకొకటి దొరక్కపోలేదు. కానీ చెప్పాలనిపించలేదు.

"కొనేస్తే మీరు మళ్లీ రారని."

అనేసింది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మధుకర్ ఆమె వంక చూసి, కాగితం వంక చూసి, మళ్లీ ఆమె వంక చూశాడు. అతని మొహంలో ఏముందో ఆమెకి తెలియలేదు.

"ఆ ముసలామెకు కాదని చెప్పొచ్చేటోణ్ని మేడం" అన్నాడు మెల్లిగా. అంతే అన్నాడు. చెక్కుపుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టాడు.

మాటలు వినపడి ఉదయ్ భాస్కర్ గారు బయటికి వచ్చాడు. కొంటున్నాడని తెలియగానే ఎక్కడలేని మర్యాదా వచ్చేసింది ఆయనకి. తనే స్వయంగా పెట్టె కట్టించాడు, కాఫీ తెప్పించాడు. మధుకర్ కాఫీ తాగలేదు. పెట్టె స్కూటరు ముందు, కాళ్ల మధ్య పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

*

తర్వాతి బుధవారం రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు.

రాడని తెలుసు. తెలిసినా తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమని తల లేచేది. ప్రతిసారీ టై కట్టుకున్న ఎవరో ఒకరు. "ఎక్స్‌క్యూజ్ మీ, దీని వెయిట్ ఎంత?" బరువు చెప్పేది. చెబుతూ రోడ్డు మీద స్కూటర్లు చూసేది.

కార్తీకం నడుస్తోంది. సాయంత్రాలు ఇంటికి పోతుంటే పెళ్లి బస్సులు ఎదురొచ్చేవి, ముందు అద్దానికి బంతిపూల దండలతో. ఆమని బస్సు కిటికీలోంచి ఆ కిటికీల్లోకి చూసేది. ఏ సీట్లోనైనా తెర వెలుగు కనిపిస్తుందేమోనని. కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. కానీ తిట్టడానికైనా ఒకసారి రావచ్చు కదా! తిట్టినా ఆ గొంతే కదా.

వారంటీ కార్డులో స్టూడియో నంబరుంది. చూడకుండానే చెప్పగలదు. నాలుగో వారం ఉండబట్టలేక ఫోన్ చేసింది. అతని తల్లి రుక్కమ్మ ఎత్తింది.

"షోరూమ్ నుంచండీ. మిషన్ బాగా పనిచేస్తోందా అని..."

"మిషన్ మంచిగనే ఉన్నది బిడ్డా. వాడే మంచిగలేడు. ఊరి నుంచి ఒస్తడు, అన్నం తినమంటే తినడు, దాని ముంగట్నే కూసుంటడు. ఏందో కోస్తడు, అతికిస్తడు, మళ్ల కోస్తడు. ఏమన్న మందున్నదా దానికి?"

"పని ఎక్కువై ఉంటుందండీ" అని పెట్టేసింది. పని ఎక్కువైతే మంచిదే. తను చెడగొట్టబోయిన పనే కదా. అలా అనుకుంటే ఏడుపు తగ్గుతుందనుకుంది గానీ తగ్గలేదు.

డిసెంబరు మూడో వారంలో ఉదయ్ భాస్కర్ గారు పాత సరుకు దులపడం మొదలుపెట్టాడు.

"ఈ డెమో మిషన్లో ఒక జీబీ ఏమిటమ్మా ఆమనీ, ఆరు జీబీల డిస్కులో?"

"టెస్ట్ ఫైల్ సార్."

"మూణ్ణెల్ల నుంచీ టెస్టేనా? సోమవారం సాయంత్రానికి అంతా తుడిచెయ్. అమ్మేస్తున్నాం."

ఫైలు ఇంకోచోట పెట్టుకుందామంటే అంత పెద్దది ఏ ఫ్లాపీలో పడుతుంది?

సోమవారం నాలుగింటికి చివరిసారి పెట్టింది. బియ్యం పడుతున్నాయి. పిల్లలు అరుస్తున్నారు. ఏ మాట తర్వాత ఏ మాటో ఆమెకి వచ్చు. పెదవులు కలిపి పలుకుతోంది కూడా. అన్నా, చెయ్యి అడ్డం తీయవా జర. పాపా, నువ్వు నవ్వు. మామిడాకులు వచ్చాయి. నీడ వచ్చింది. అక్కడ ఆపేసింది.

"కంప్లయింట్ ఉన్నది మేడం."

మిషన్ ఆపే ఉంది. గొంతు మాత్రం వినిపించింది.

ఆమని తల తిప్పింది. కౌంటర్ అవతల మధుకర్. చిక్కిపోయాడు. ఎండకు నల్లబడ్డాడు. భుజాన బ్యాగు, చేతిలో ఆమె అమ్మిన లాప్‌టాప్. అతని చూపు ఆమె ముందున్న తెర మీద, ఆ తెల్లపంచె మీద, తన నీడ మీద ఆగింది. ఆమె చప్పున మూత వేసేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఏం... ఏం కంప్లయింటండీ?"

"ఒక క్లిప్ ఉన్నది. మీరే చూడాలె."

తెరిచి, మీట నొక్కి, ఆమె వైపు తిప్పాడు.

ఒక చిన్న గది. నులకమంచం. పక్కన బల్ల మీద టీవీ, అందులో ఎవరో తాళి కడుతున్నారు. దిండుకు ఆనుకుని ఒక ముసలమ్మ, చేతులు జోడించి టీవీ చూస్తోంది. సత్తెమ్మ. బొమ్మ అయిపోయాక ఆమె ఇటు తిరిగింది.

"అందర్ని చూపెట్టినవ్ బిడ్డా. నువ్వేడున్నవ్?"

వెనకనుంచి అతని గొంతు: "నేను కనవడ నాయనమ్మా. నేను కెమెరా ఎనుక ఉంట."

"ఎనుకున్నోణ్ని ఎవరు చూస్తరు రా? ముంగటికి రా."

బొమ్మ ఊగింది, పక్కకి ఒరిగింది. కెమెరా ఎవరి చేతుల్లోకో మారింది. అప్పుడు అతను తెరలోకి నడిచి వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు, తీశాడు, మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆమని గారు... మీరు కాగితం దాచిండ్రని మస్తు కోపమొచ్చింది. బస్సుల సదాశివపేట దాక ఉండె. ఇగ తర్వాత... మీరు అన్న మాటనే యాదికొస్తుంది." ఆగాడు. ముసలమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది. "మిషన్ కొన్నంక గూడ వస్త. పనేం లేకున్న వస్త. రావొచ్చా?"

బొమ్మ అక్కడ ఆగిపోయింది.

ఆమనికి తెర మసకమసకగా కనిపిస్తోంది. "ఇది తీసి ఐదు వారాలైందా?" అంది ఎలాగో.

"ఆ. గప్పుడు ఇరవై నిమిషాలు మాట్లాడిన. అంత సోది మీకెట్ల చూపెట్టాలె? ప్రతి బస్సుల కొంచెం కొంచెం కోసుకుంట ఒచ్చిన. నిన్న సంగారెడ్డి కాడ గింతకొచ్చింది." చూపు మాత్రం బ్యాగు పట్టీ మీదే ఉంది. "కంప్లయింట్ ఏందంటే... దానికి జవాబు ఒస్తలేదు."

"అమ్మా ఆమనీ, తుడిచేశావా?" లోపలినుంచి ఉదయ్ భాస్కర్ గారి కేక.

"లేదు సార్. ఇది నేనే కొనుక్కుంటాను" అంది ఆమని తల తిప్పకుండానే.

 మధుకర్ చెవులు ఎర్రబడుతున్నాయి.

"ఆదివారం మా ఇంటికి రండి" అంది. "హఫీజ్‌పేట స్టేషన్ దగ్గర ఎవరినడిగినా చెబుతారు. నాన్నగారు ఉంటారు. కెమెరా మాత్రం తీసుకురాకండి."

"కెమెరా లేకుంటనా?" నిజంగా పరేషాన్ అయిపోయాడు మధుకర్. "చేతులేడ పెట్టుకోవాలె?"

ఆమని నవ్వింది. ఐదు వారాల తర్వాత నవ్వింది. అతను ఇంకా బ్యాగు పట్టీనే తిప్పుతున్నాడు, తలెత్తకుండా.

"మధుకర్ గారూ!"

"ఆ."

"జర ఇటు చూడుండ్రి."

అతను చూశాడు.